బాబాయి మంచివాడైతే?

'లవ్ స్టోరీ' సినిమా చూసి హాలు బయటికి వస్తుంటే మా వదిన కళ్ళొత్తుకుంటూ ఒక మాట అంది. "ఆ బాబాయి అంత పాపిష్టోడు కాబట్టి సరిపోయింది. లేకుంటే ఆ పిల్ల చేసింది నాకు నచ్చకపోయేది."

అది 2021 సెప్టెంబరు నెలాఖరు. కరోనా రెండో విడత తగ్గి, హాళ్ళు తెరిచి, జనం మూతులకు మాస్కులు కట్టుకుని భయంభయంగా కుర్చీకీ కుర్చీకీ మధ్య ఎడం చూసుకుంటున్న రోజులు. వదిన, అంటే మా వారి అక్కయ్య, గద్వాల నుంచి వనపర్తి వచ్చి నాలుగు రోజులు మా ఇంట్లో ఉంది. సాయిపల్లవి అంటే ఆవిడకు ప్రాణం. 'ఫిదా'లో ఆ పిల్ల మన తెలంగాణ మాట మాట్లాడినప్పటి నుంచీ సొంత కూతురన్నట్టే చెప్పుకుంటుంది. అందుకని ఇద్దరం వెళ్ళాం. ఆవిడన్న మాటకు ఆ రోజు నేను "అవును వదినా" అన్నాను. అని ఇంటికొచ్చి పప్పు తాలింపు వేసుకున్నాను.

మొన్న ఆ సినిమా టీవీలో మళ్ళీ వేశారు. వదిన మాట అప్పుడు గుర్తుకొచ్చి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళ తరవాత పాత సినిమా మీద ఈ గోలేమిటని మీరు అనుకోవచ్చు. సినిమా పాతదే. గోల మాత్రం మన ఇళ్ళలో రోజూ కొత్తగానే ఉంటోంది.

చూడని వాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. దర్శకుడు శేఖర్ కమ్ముల. 'ఆనంద్', 'గోదావరి', 'హ్యాపీ డేస్' తీసిన ఆయనే. ఆడవాళ్ళను అలంకారపు బొమ్మల్లా కాక తలలో ఆలోచనలున్న మనుషుల్లా చూపిస్తాడని మనకు ఆయన మీద మొదటి నుంచీ గౌరవం. ఇందులో నాగచైతన్య రేవంత్. నిజామాబాదు జిల్లా ఆర్మూరు వైపు పల్లెలో దళిత కుటుంబంలో పుట్టినవాడు. హైదరాబాదులో జుంబా నేర్పుతూ, అంటే పాటలకు అడుగులు వేయిస్తూ చేయించే వ్యాయామమన్న మాట, నాలుగు డబ్బులు సంపాదించుకుంటూ ఉంటాడు. మౌనిక, మన సాయిపల్లవి, అదే ఊళ్ళో ఆస్తీ అధికారమూ ఉన్న పెద్ద కులం ఇంటి పిల్ల. ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరక్క తిప్పలు పడుతూ ఇతని దగ్గర చేరుతుంది. ఆమె ఇంట్లో మాట చెల్లేది బాబాయిది. ఆ పాత్ర రాజీవ్ కనకాల వేశాడు.

మొదటి సగం ఎంత బాగుందో! రేవంత్ తల్లిగా ఈశ్వరీరావు ఉన్న సన్నివేశాలు చూడండి. గొంతెత్తి ఉపన్యాసాలేమీ లేవు. కులమంటే ఏమిటో కొడుక్కి చిన్నప్పుడే అర్థమయ్యేలా చెప్పాల్సి రావడం ఏ తల్లికైనా ఎంత బరువో ఆ ముఖం చెప్పేస్తుంది. మనం పిల్లలకు వేడి గిన్నె ముట్టుకోవద్దని చెబుతాం, రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడమని చెబుతాం. ఆ తల్లి ఫలానా ఇంటి గడప దగ్గర ఎంత దూరంలో నిలబడాలో చెప్పాలి. ఆ తల్లి కనబడినంతసేపూ నేను కుర్చీలో సర్దుకుని కూర్చోలేకపోయాను. 'సారంగ దరియా' పాటకు హాలంతా ఈలలు వేసింది గానీ, నా మట్టుకు నాకు సినిమా అంటే ఆ తల్లి ముఖమే.

ఆ తరవాత ఏమైందంటే, మౌనిక గుండెల్లో దాచుకున్న రహస్యం బయటికొస్తుంది. చిన్నతనంలో ఆ బాబాయే ఆ పసిపిల్ల మీద అఘాయిత్యం చేశాడు. అక్కడి నుంచి కథ బండి రెండు ఎడ్లు రెండు దిక్కులకు లాగినట్టు అయిపోయింది. ఆఖరి పోరాటం ఎవరితోనంటే ఆ బాబాయితో. చూసేవాళ్ళు పళ్ళు కొరుకుతారు, వాడి పీడ విరగడైతే చాలనుకుంటారు. మరి కులం ఏమైంది? దాన్ని ఎక్కడ దించేశారు? ఏ మలుపులో దించారో చూసేవాళ్ళు గమనించను కూడా గమనించరు.

పొరబడకండి. ఇళ్ళలో పసిపిల్లలకు జరిగే ఆ దారుణం చిన్న విషయమని నేననడం లేదు. దాన్ని దాచిపెట్టడంలో మన ఆడవాళ్ళ చేయి ఎంత ఉందో మనకు తెలియంది కాదు. "నోరు మూసుకో, ఎవరికీ చెప్పకు" అన్న తల్లులూ అమ్మమ్మలూ ప్రతి వంశంలోనూ ఉన్నారు. 2012లో పోక్సో చట్టం వచ్చాక కూడా ఆ నోళ్ళు పూర్తిగా తెరుచుకోలేదు. దానికోసం ఒక సినిమా కాదు, పది తీయాలి. కానీ దాన్నీ కులాన్నీ ఒకే మనిషి నెత్తిన పెడితే జరిగేదేమిటి? ప్రేక్షకులు ఆ మనిషిని అసహ్యించుకుంటారు. ఎందుకు అసహ్యించుకుంటున్నారని అడగండి. పిల్ల మీద చేయి వేశాడని. కులాంతరం వద్దన్నందుకు కాదు. ఆ రెండో తప్పు మొదటి తప్పు చాటున మెల్లగా తప్పుకుంటుంది. మా వదిన నోట వచ్చింది అదే కదా! ఆ పిల్లకు ఇల్లు విడిచి వెళ్ళే హక్కు వచ్చింది ప్రేమించినందుకు కాదు, బాబాయి నీచుడు కావడం వల్ల.

ఇది కమ్ముల గారి ఒక్కరి దోషమైతే నేనింత కాగితం ఖర్చు పెట్టేదాన్ని కాదు. మన తెలుగు సినిమాకు ఇది పుట్టుకతో వచ్చిన అలవాటు.

1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. చలం గారి కథ, కాంచనమాల నాయిక. ఆ రోజుల్లో ఆ పేరుతో సినిమా తీయడమే సాహసం, ఆ పేరు గోడల మీద అంటించడం ఇంకా సాహసం. ఒప్పుకుంటాను. అయినా ఆ శాస్త్రిగారి మనసు ఎప్పుడు మారింది? ఆయన భార్య మంటల్లో చిక్కుకుంటే ఒక హరిజనుడు ప్రాణాలకు తెగించి కాపాడాక. నిప్పు అంటుకోకపోయి ఉంటే? పిల్లా పిల్లవాడూ ఎంత ప్రేమించుకున్నా శాస్త్రిగారి గుమ్మం దగ్గర నిలబడాల్సిందేనా?

1975లో 'బలిపీఠం'. రంగనాయకమ్మ గారి నవల, దాసరి నారాయణరావు దర్శకత్వం, శోభన్‌బాబు, శారద. అందులో బ్రాహ్మణుల ఇంటి వితంతువు హరిజన యువకుణ్ణి పెళ్ళాడుతుంది. ఎందుకని? ఆమెకు జబ్బు చేసింది, ఎన్నాళ్ళో బతకదు, పసుపు కుంకాలతో పోవాలని చివరి కోరిక. చావబోయే మనిషి కాబట్టి కులం అడ్డు రాలేదు. తీరా బతికి బట్టకట్టిందా, అప్పుడు మొదలైంది అసలు కథ. అత్తవారి తిండి, మాట, చుట్టాలు, ఏదీ ఆమెకు మింగుడు పడదు. మన సినిమాల్లో ఇదొక్కటే కాస్తయినా వంటింటి దాకా వచ్చిందని నా అభిప్రాయం. రాసింది ఒక ఆడమనిషి కావడం వల్లనే ఆ కథకు వంటింటి దారి తెలిసిందంటాను.

1981లో 'సప్తపది'. విశ్వనాథ్ గారి సినిమా, సోమయాజులు గారి తాత పాత్ర. మనవరాలు వేణువు వాయించే హరిజన యువకుణ్ణి ప్రేమించింది. మేనబావతో పెళ్ళయింది. ఆ భర్తకు ఆమెలో సాక్షాత్తూ అమ్మవారు కనబడుతుంది, ముట్టుకోలేకపోతాడు. చివరికి తాతగారే ఆమెను ప్రేమించినవాడి వెంట పంపిస్తాడు. చూస్తూ నేనూ చెంగు తడుపుకున్నదాన్నే. కానీ ఆలోచించండి, ఒక ఆడపిల్ల తాను కోరుకున్నవాడితో వెళ్ళడానికి జగన్మాత దిగివచ్చి మొగుడి కళ్ళ ముందు నిలబడాల్సి వచ్చింది!

మంటలు, చావుబతుకులు, దేవతా దర్శనం, చివరికి 2021లో పసిపిల్ల మీద అఘాయిత్యం. ఎనభై ఏళ్ళు గడిచినా "వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు, అంతే" అని చెప్పి ఊరుకునే ధైర్యం మనకు చాలలేదు. ప్రతిసారీ ఏదో ఒక సాకు కావాలి. కులం దాటడం ఒక నేరమైనట్టూ, ఆ నేరానికి తగిన మినహాయింపు కథలో చూపించకపోతే ప్రేక్షకులు క్షమించరన్నట్టూ!

ఇందులో నాకు కాస్త ఊరట ఇచ్చింది 'కలర్ ఫోటో'. 2020లో వచ్చింది, ఆహాలో ఇంట్లో కూర్చుని చూశాం. సందీప్ రాజ్ అనే కొత్త కుర్రాడు తీశాడు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. నల్లటి పిల్లవాడు, తెల్లటి పిల్ల, నలుపంటే గిట్టని పిల్ల అన్న. ఒకటే మాట పట్టుకుంది, చివరిదాకా ఆ మాటే చెప్పింది. సున్నిపిండి రుద్దించుకుని, పెళ్ళిచూపుల్లో పౌడరు మీద పౌడరు వేయించుకుని, చివరికి "చామనఛాయ" అనే మర్యాద మాటతో బయటపడ్డ ఆడపిల్లలకు ఆ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే కులమని అనడానికి నోరు రాక రంగు అన్నారా అని నాకొక అనుమానం ఉంది. ఉంటే ఉండనీండి, ఎత్తుకున్న బరువును మధ్యలో దించకుండా మోసిన సినిమా అది.

ఇంతకీ నా నిద్ర ఎందుకు పోయిందో చెప్పనే లేదు.

మా అక్క ఉండేది నాగర్‌కర్నూలులో. ఇవాళ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ మూడు జిల్లాలు. 2016 దసరా నాటికి ముందు అన్నీ కలిపి ఒకటే మహబూబ్‌నగర్, మా నోటికి పాలమూరు. జిల్లా గీతలు మార్చినంత సులువుగా మనుషుల మధ్య గీతలు మారవని ఎవరైనా అంటే నవ్వేదాన్ని, ఇదేదో ఉపన్యాసకుల మాటని. మా అక్క కూతురి వ్యవహారం వచ్చాక నవ్వడం మానేశాను.

మా బావ పోయేనాటికి ఆ పిల్లకు పన్నెండేళ్ళు. అప్పటి నుంచీ పెంచింది వాళ్ళ చిన్నాయన. పెంచడమంటే మాటవరసకు కాదు. ఫీజులు కట్టాడు. సైకిలుకు గాలి కొట్టాడు. ఎంసెట్ రాయించడానికి తెల్లవారుజామున బస్సులో తీసుకెళ్ళి, పరీక్ష అయ్యేదాకా కాలేజీ గేటు ముందు ఎండలో నిలబడ్డాడు. తన పిల్లలకు కొన్న ప్రతిదీ ముందు ఈ పిల్లకు కొన్నాడు. కంటికి రెప్ప అంటారే, అది. సినిమాలోని బాబాయికీ ఈయనకూ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

పిల్ల చదివి హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది. 2023 వేసవిలో ఇంటికొచ్చి, తన ఆఫీసులోనే ఉన్న ఒకబ్బాయిని చేసుకుంటానంది. ఆ అబ్బాయిది అలంపురం దగ్గర ఊరు. వాళ్ళమ్మ విత్తన పత్తి చేలల్లో క్రాసింగు పనికి పోయి ఇద్దరు పిల్లల్ని చదివించింది. కులం మీకు అర్థమయ్యే ఉంటుంది. మాది ఏ కులమని అడగొద్దు. పేరు చెప్పానంటే మిగతా కులాల పాఠకురాళ్ళు ఇది తమ సంగతి కాదని పేజీ తిప్పేస్తారు.

ఆ క్రాసింగు పనేమిటో మీకు తెలుసా? కృష్ణా తుంగభద్రల మధ్య మా నడిగడ్డలో విత్తన పత్తి పెద్ద వ్యాపారం. సాయంత్రం ఆడమొక్క మొగ్గలు ఒలిచి పుప్పొడి తిత్తులు తీసేయాలి. తెల్లారి మగమొక్క పువ్వు తెచ్చి, ఒక్కొక్క పువ్వుకే చేత్తో పుప్పొడి రుద్దాలి. రకం రకంతో కలిస్తేనే సంకర విత్తనం, ఆ విత్తనానికే ధర. ఆ ధరతో మేడలు కట్టుకున్న ఇళ్ళలోనే పిల్ల వేరే కులమనేసరికి పొయ్యి వెలగదు. పత్తికి పనికొచ్చిన శాస్త్రం మనుషుల దగ్గరకొచ్చేసరికి అపచారమైపోతుందేమో!

సరే, నాగర్‌కర్నూలు నుంచి అక్క నాకు ఫోను చేసింది. "నువ్వు పుస్తకాలు చదివేదానివి, నీ మాటంటే దానికి గురి. వచ్చి జెర చెప్పు" అని. వెళ్ళాను. ఇంట్లో ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. గదిలో పెట్టి గొళ్ళెం వేయలేదు. చిన్నాయన ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. "నీ ఇష్టం బిడ్డా. నేనేమన్న? నా చేతుల మీద పెరిగినవ్, నీకు తెల్వదా" అని వసారాలో మంచం మీద గోడకు తిరిగి పడుకున్నాడు. రెండు పూటలు అన్నం ముట్టలేదు. బీపీ మాత్ర వేసుకోలేదు. అక్క చెంబుతో నీళ్ళు పట్టుకుని ఆ మంచం చుట్టూ తిరుగుతూ, మధ్య మధ్య కూతురి వైపు చూసి కళ్ళు తుడుచుకుంటూ, "చిన్నదానికి సంబంధాలు ఎట్ల వస్తయే" అనేది. అంతే. ఇంత నెమ్మదైన ఇల్లు మీరు చూసి ఉండరు.

నా వంతు వచ్చింది. పిల్లను డాబా మీదికి తీసుకెళ్ళాను. ఎంత మర్యాదగా మాట్లాడాననుకున్నారు! కులమన్న మాట నా నోట రానే లేదు. అబ్బాయి మంచివాడే కావచ్చన్నాను. కాకపోతే అలవాట్లు వేరు, తిండి వేరు, వాళ్ళ ఊళ్ళో ఉండగలవా, రేపు పుట్టే పిల్లలు అటూ ఇటూ కాకుండా పోతారేమో, చిన్నాయన ఆరోగ్యం చూడు, కొన్నాళ్ళు ఆగు. అన్నీ ప్రేమగానే.

పిల్ల విని, "చిన్నమ్మా, నువ్వు 'లవ్ స్టోరీ' చూసి ఏడ్చినవంట కదా. అమ్మ చెప్పింది" అంది.

"అందులో బాబాయి దుర్మార్గుడమ్మా. మీ చిన్నాయన అట్లాంటోడా?" అన్నాను. సరిగ్గా వదిన మాటే నా నోట్లోంచి వచ్చింది.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. పక్కింటి నీళ్ళ ట్యాంకు పొర్లుతుంటే దానివైపే చూసింది. తరవాత మెల్లగా, "ఆయన చెడ్డోడైతే బాగుండు చిన్నమ్మా. ఎప్పుడో పోయేదాన్ని" అంది.

కమ్ముల గారూ, మీరు తీయకుండా వదిలేసిన సినిమా ఇది. మీకు కథ చెప్పడం తెలుసు, ఆడపిల్ల మనసు తెలుసు, ఈశ్వరీరావు లాంటి నటి చేతిలో ఉంది. మంచి బాబాయిని పెట్టి చూడండి. పిల్లను ప్రేమించే బాబాయి, పిల్ల కోసం ఎండలో నిలబడ్డ బాబాయి, అన్నం మానేసిన బాబాయి. అప్పుడు హాల్లో కూర్చున్న మేము ఎవర్ని చూసి పళ్ళు కొరకాలో తెలియక గిలగిల్లాడేవాళ్ళం. ఇంటికెళ్ళాక పప్పు తాలింపు అంత సులువుగా పెట్టుకోలేకపోయేవాళ్ళం.

నాకు తెలిసిన ఒక పడుచు స్నేహితురాలు, కాలేజీలో పాఠాలు చెబుతుంది, నాతో వాదించింది. "ఆంటీ, రెండూ ఒకటే. ఆడపిల్ల ఒళ్ళు ఇంటి సొత్తు అనుకునేవాడే లోపల చేయి వేస్తాడు, బయట పరువంటాడు. దర్శకుడు ఆ ముడి చూపించాడు" అని. గట్టి వాదనే. చూపించదలచుకున్నాడన్నంత వరకూ నేనూ ఒప్పుకుంటాను. అయితే ముడి చూపించడం వేరు, రెండు తాళ్ళనూ కలిపి ఒకే దుర్మార్గుడి మెడకు చుట్టేయడం వేరు. అతను పోగానే రెండూ పోయాయన్నట్టు మనం లేచి చీర కుచ్చెళ్ళు సర్దుకుంటాం. పసిపిల్లల్ని ముట్టుకోని బాబాయిలు, మామలు, తండ్రులు, అదే కులాన్ని అంతే పట్టుగా పట్టుకున్నవాళ్ళు, వాళ్ళ సంఖ్య ఎక్కువ కదా! వాళ్ళ మీద ఈ కథ ఈగ కూడా వాలనివ్వలేదు.

ప్రేమ చంపదని కూడా నమ్మకం పెట్టుకోకండి. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో గర్భంతో ఉన్న భార్య పక్కన నడుస్తున్న దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట నరికి చంపారు. చంపించాడని కేసు పడింది అమ్మాయి తండ్రి మీద. ఆ తండ్రిని సమర్థిస్తూ ఊరేగింపులు తీసినవాళ్ళున్నారు. కూతురి మీద ప్రేమ ఎక్కువై చేశాడని ఇళ్ళలో మాట్లాడుకున్న ఆడవాళ్ళున్నారు, నేను నా చెవులతో విన్నాను. ఆయన 2020లో చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. కత్తి పట్టుకున్న చేతికి శిక్ష పడింది సరే. "ప్రేమ ఎక్కువై" అన్న మాటకు ఏ కోర్టూ శిక్ష వేయదు, ఆ మాట ఇవాళ్టికీ మన వసారాల్లో కాళ్ళు చాపుకుని కూర్చునే ఉంది.

మా వనపర్తి నుంచి 1952లో సురవరం ప్రతాపరెడ్డి గారు శాసనసభకు వెళ్ళారు. పుట్టింది గద్వాల సంస్థానంలో. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసిందాయన, తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1955లో, ఆ పుస్తకానికే. రాజుల దండయాత్రల్ని పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడుకున్నారు అని వెతికాడు. మా సినిమావాళ్ళకూ ఆయన దారి చూపిస్తే బాగుండును. కులం కోసం విలన్ల మేడలకు వెళ్ళనక్కర్లేదు. మా ఇంటి పెరట్లో, తొట్టి గట్టు మీద, విడిగా బోర్లించిన ఒక స్టీలు గ్లాసు ఉండేది. గిన్నెలు తోమడానికి వచ్చే మనిషిది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో నాకు తెలియదు. నేను కాపురానికి వచ్చేసరికే ఉంది. ముప్ఫై ఏళ్ళు దాన్ని అక్కడి నుంచి తీయని మనిషిని మాత్రం నేనే. పాలమూరు టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి పేపర్లో చదివి "అయ్యో, ఇంకా ఇలాంటివా" అని చప్పరించిందీ నేనే. ఆ గ్లాసును తెర నిండా, ఒక్క నిమిషం, పాటా ఫైటూ లేకుండా చూపించగల దర్శకుడు ఎవరైనా ఉన్నారా? మీసాలు మెలేసే బాబాయికంటే ఆ గ్లాసు మమ్మల్ని ఎక్కువ భయపెడుతుంది.

పిల్ల పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో అయిపోయింది. అబ్బాయి తల్లి, ఇద్దరు స్నేహితులు, సంతకాలు. మా వైపు నుంచి ఒక్క పిట్ట కూడా వెళ్ళలేదు. చిన్నాయన లేచి అన్నం తిన్నాడు, మాత్ర వేసుకున్నాడు, పనికి పోయాడు. పిల్ల పదో తరగతి ఫోటో ఆయన గోడ మీద అలాగే ఉంది. దాన్ని తీయడు, ఆమెకు ఫోను చేయడు. నేను రెండు నెలలకొకసారి చేస్తాను, మా వారు పెరట్లోకి వెళ్ళినప్పుడు.

పోయిన ఏడాది గద్వాల వెళ్ళినప్పుడు వదినతో కలిసి చీరల కొట్టుకు పోయాను. గద్వాల చీర మీకు కొత్త కాదు. ఒళ్ళు నూలు, అంచూ పవిటా పట్టు, రెంటినీ మగ్గం మీదనే ముడి కలిపి నేస్తారు. సినిమా కవి ఎవరైనా పక్కన ఉంటే వెంటనే ఏదో ఉపమానం కట్టేవాడు, అదృష్టవశాత్తూ లేడు. మామిడి చిగురు రంగుది, మెరూన్ అంచుది ఒకటి తీయించాను. ఆ పిల్లకు ఆ రంగు బాగుంటుంది.

"ఎవరికి ఇంత ఖరీదు పెట్టి?" అంది వదిన.

"ఎవరికైనా పెట్టుబడికి పనికొస్తుంది లెండి" అన్నాను. కొట్టువాడు కూడా నా ముఖం వైపు ఒకసారి చూశాడు.

చీర మా బీరువాలో రెండో అరలో ఉంది. పిల్లకు ఇప్పుడు ఏడో నెల. వచ్చే నెల శ్రీమంతం, వాళ్ళ అత్తగారి ఊళ్ళో, తప్పకుండా రా చిన్నమ్మా అంది. వస్తానన్నాను. ఇంకా ఇంట్లో చెప్పలేదు. ఈ పత్రిక గద్వాలలో వదిన ఇంటికి ప్రతి వారమూ పోతుంది. ఆవిడ ఒక్క పేజీ వదలదు.